మేట

సిరొంచ ఘాటు మెట్ల మీద కూచుని
నోట్‌బుక్కు తెరిస్తే
తడిసి ఉబ్బిన పేజీల నడుమ
రెండు నదుల ఇసుక.
ఒకటి ప్రాణహితది.
ఒకటి వాల్‌ది.

వాల్ అని మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది.
బడిలో మరాఠీ సారు ఇసుకను వాళూ అనేవాడు,
పేరులోనే ఇసుకున్న నది అనుకున్నా.
నెదర్లాండ్స్‌లో ఎవరికీ ఆ జోకు చెప్పలేకపోయా,
చెప్పాలంటే ముందు సిరొంచ చెప్పాలి,
సిరొంచ చెప్పాలంటే నాలుగు భాషలు చెప్పాలి.

అక్కడికి పోగానే నా పేరు తిరగబడింది.
వనిత వెనక్కి పోయి, నాన్న పోశం మధ్యలో నలిగి
ఇంటిపేరు ముందుకొచ్చి నిలబడింది.
మిస్ దుర్గం. మిస్ దుర్గం.
నిజంగానే కోటలా ఉన్నాను కొన్నాళ్లు,
ఎవరూ లోపలికి రారు, నేనూ బయటికి పోను.
అందరి వంటింట్లో నా అరలో
మూత బిగించిన ఎల్లిపాయ కారం.
ఆ మూత తీసింది నేను కాదు,
పక్కగది ఇథియోపియా పిల్ల, సెలామావిట్.
వాసన చూసి, తుమ్మి,
తన కారం డబ్బా తెచ్చి పక్కన పెట్టింది.
ఏమీ అనలేదు. రెండూ ఒకటే ఎరుపు.

తొలి రిపోర్టు తిరిగొచ్చింది.
ముప్పై రెండు పేజీలు,
ఎక్కడా ఎత్తి రాసింది లేదు
కానీ పుస్తకాలకు వంగి దండం పెట్టి రాసింది.
మార్జిన్‌లో ప్రొఫెసరమ్మ పెన్సిల్‌తో
ఒకే ముక్క:
నువ్వేం చూశావు?

రెండు రాత్రులు ఏడ్చాను.
మూడోనాడు కోపమొచ్చింది, ఆవిడ మీద కాదు.
పదిహేడేళ్ల చదువులో ఆ మాట
నన్నెవరూ అడగలేదు.
ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ,
సంతలో గోండీ, బ్యాంకులో హిందీ.
నోరు మార్చుకోవడం వచ్చు నాకు,
నోరు తెరవడం రాలేదు.

నవంబరు. గాలికి రెయిన్‌కోటు
చెంపల మీద కొడుతోంది.
పడవ మీంచి గొట్టం దించి మట్టి తీశాను,
ల్యాబు దాకా ఆగలేక వేళ్లతో నలిపి చూశాను.
పైన వెన్నలా ఉంది, కింద గరుకు.
"ఇది వరద తీసేటప్పటిది" అన్నాను.
ఎలా తెలుసంటే
గట్టయ్య పెదనాన్న మాటే వచ్చింది నోటికి:
బరువున్నది ముందు కూలబడ్తది బిడ్డా,
మెత్తనిది నిమ్మళంగ దిగుతది.
ఇంగ్లీషులో దాన్ని చెప్పడానికి పది నిమిషాలు పట్టింది.
ప్రొఫెసరమ్మ రాసుకుంది.
రాసుకుంది!

ఈ మే నెలలో థీసిస్ పని మీద మళ్లీ ఇక్కడ.
మెరిసే జాకెట్టు, మెడలో జీపీఎస్సు,
పద్నాలుగు సీసాలు.
పెదనాన్న పడవే, తెడ్డూ ఆయనదే.
"ఆ దిబ్బ పోయినేడు ఈడ లేదు, నడిచొచ్చింది" అన్నాడు.
దిబ్బలు నడవవని, ప్రవాహమే ఇసుకను తెచ్చి...
అని మొదలుపెట్టి
నా గొంతులో నల్లబోర్డు వినిపించి
ఆగిపోయాను.

"నువ్వేం చూసినవ్ పెదనాయినా?"

తెడ్డు ఆపి నా వైపు చూశాడు చాలాసేపు.
అరవై ఏళ్ల నది ఆయనది,
ఆయన్ని మాత్రం ఎవరడిగారు?
తర్వాత చీకటిపడే దాకా ఆపలేదు.
పాదం దిగే ఇసుక, దిగనిచ్చి వదలని ఇసుక,
గాలికి లేచేది, వల చింపేది.
నా సాఫ్ట్‌వేర్‌లో వీటన్నిటికీ ఒక్కటే అంకె.
కాలమ్ దాటి, మార్జిన్ దాటి రాశాను,
తెలుగులో, తొందరలో కొంత మరాఠీలో.

ఒడ్డుకు లాగి తాడు కడుతూ అడిగాడు:
"ఆడి నదిల చేపలున్నయా?"
ఉన్నాయన్నాను.
"ఏం చేపలు?"

రెండేళ్లున్నాను ఆ నది పక్కన.
ఆ నీటి వేగం తెలుసు, లోతు తెలుసు,
ఏ రేణువు ఎంతసేపట్లో దిగుతుందో తెలుసు.
పెదనాన్న తాడు ముడి చూసుకుంటున్నాడు,
నేను చెబుతాననే అనుకుంటున్నాడు.

తెలియదన్నాను.
నోట్‌బుక్కు వెనక అట్ట మీద
పెన్సిల్‌తో రాసుకున్నాను:
చేపలు.